బ్రహ్మచారి పారేసిన ముక్క

బ్రహ్మచారి చేతులు కడుక్కున్న నీళ్లు పారబోయడు. అవుసుల పని, అంటే నగల పని చేసినవాళ్లెవరూ పారబోయరు. గోళ్ల సందుల్లో, అరచేతి గీతల్లో బంగారం పొడి ఇరుక్కుని ఉంటుంది. తొట్టిలో చేతులు ముంచి కడిగి, ఆ నీళ్లను అలాగే ఉంచి, అడుగున తేరిన మడ్డిని ఎప్పుడో ఒకసారి మూసలో వేసి కరిగిస్తారు. కొట్టు ఊడ్చిన చెత్తా అంతే. సంచిలోకి పోతుంది గానీ వీధిలోకి పోదు.

రాంగోపాల్‌పేట్‌లో ఆయన కొట్టు మూతపడి చాన్నాళ్లయింది. తొట్టి మాత్రం మల్కాజ్‌గిరి ఇంటి వెనక, కుళాయి కిందికి చేరింది. ఇప్పుడు అందులో తేలేది సబ్బు నురగే.

"ఏం బంగారం రాలుతదని దాస్తున్నవయ్యా గా నీళ్లు?" అని భార్య శ్యామలమ్మ వారానికోసారైనా అంటుంది. "దోమలు గుడ్లు పెడుతున్నయి. బంగారు గుడ్లు."

"ఉండనియ్. నీకేం తక్లీఫ్?"

"నాకేం తక్లీఫ్ లేదు. దోమలు నిన్నే కుడుతున్నయి."

బ్రహ్మచారి చదువు తొమ్మిదో తరగతిలో ఆగిపోయింది. దానికి ఆయన ఏడవలేదు, ఇంట్లో ఎవరూ ఏడవలేదు. మర్నాడు పొద్దున తండ్రి ఎదురుగా పీట మీద కూర్చుని ఊదుగొట్టం నోట పెట్టుకున్నాడు. మంట నాలుకను సూది మొనంత సన్నగా లాగి, వెంట్రుకంత తీగ మీద టంకం నిలపడం నేర్చుకున్నాడు. నేర్చుకున్నాక మిగతా లోకం ఆయనకు కొంచెం మోటుగా, తొందరగా కనిపించడం మొదలుపెట్టింది. తర్వాత షోరూములొచ్చాయి, మెషీన్ గొలుసులొచ్చాయి. కొత్త నగ చేయించుకునేవాళ్లు పోయి తెగిన గొలుసు అతికించుకునేవాళ్లే మిగిలారు. చివరికి వాళ్లూ తగ్గారు. ఇంట్లో ఖాళీగా కూర్చున్న రోజుల్లో బ్రహ్మచారి శ్యామలమ్మ గాజుల స్క్రూలు విప్పి బిగించాడు, గోడ గడియారం విప్పి బిగించాడు, మిక్సీ విప్పాడు. మిక్సీ మళ్లీ తిరగలేదు. మనిషికి తిండి లేకపోతే ఎలా ఉంటుందో, ఆయన చేతులకు పని లేకపోతే అలా ఉండేది.

ఆ పని ఇచ్చింది డాక్టర్ మేబెల్. కొట్టు చివరి రోజుల్లో వాళ్లమ్మ మెళ్లో గొలుసు తెగితే పట్టుకొచ్చింది. వెనకటి అలవాటు తెలిసిన మనిషి. బంగారం ఇచ్చినవాళ్లు ఎదురుగా కూర్చుని, పని అయ్యేదాకా అవుసులాయన చేతుల మీంచి కళ్లు తీయకూడదు. దాన్ని అవమానమనుకునేవాడు ఈ పనిలో ఉండలేడు. బ్రహ్మచారికి చూసేవాళ్లుంటేనే చెయ్యి ఇంకా నిలకడగా ఆడుతుంది. ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది. కుంపటి, తునకల్ని పట్టే శ్రావణం, మంట, టంకం అన్నీ చూసింది. గొలుసు చేతికి తీసుకుని అతుకు ఎక్కడుందో వెతికింది. దొరకలేదు.

"కొట్టు మూసేస్తున్నారట కదా బ్రహ్మచారి గారూ. మా ల్యాబ్‌లో చేతిపని ఒకటుంది. వస్తారా?"

"బంగారం పనా మేడం?"

"కాదు. అంతకంటే సన్నటి దారం. కంటికి కనపడదు."

కంటికి కనపడని దాన్ని ఎట్ల పడతారో చూద్దామని వెళ్లాడు. కార్ఖానా అనే పేటలో రెండంతస్తుల మేడ. కింద దంతవైద్యుడు, పైన మేబెల్ గారి ల్యాబ్. అక్కడ అక్సా అనే అమ్మాయి పీహెచ్‌డీ చేస్తోంది. మాట వేగం, నడక వేగం, ఆదివారం చర్చిలో కీబోర్డు కూడా వేగంగా వాయిస్తుందని మేబెల్ గారే విసుక్కుంటుంది. మొదటి రోజు భోజనాల వేళ అక్సా ఆయన డబ్బాలోకి తొంగి చూసింది.

"పేరేమో బ్రహ్మచారి. మరి ఈ వంకాయ కూర ఎవరు వండారు అంకుల్?"

"పేరు మా నాయన పెట్టిండు. కూర మా ఆమె పెట్టింది. ఇద్దరు సుత నన్ను అడగలే బిడ్డా."

అక్సాకు ఆయన నచ్చేశాడు. పనేంటో కూర్చోబెట్టి చెప్పింది.

"మన ఒంట్లో ప్రతి కణంలో క్రోమోజోములుంటాయి అంకుల్. ఒక్కోటీ ఒక పొడుగాటి దారం. ఇక్కడ రాంగోపాల్‌పేట్ నుంచి ఒక రోడ్డు ఉందనుకోండి. దాని పొడుగునా వందల ఫోటోలు తీసి కుప్ప పోసేశారు. ఏది ముందో ఏది వెనకో తెలీదు. మీరెలా సర్దుతారు?"

"ఒక ఫోటో చివర్ల మెడికల్ షాపు కనపడి, ఇంకోదాంట్ల మొదట్ల గదే షాపు కనపడితే గవి రెండు పక్కపక్కయి."

"అంతే! అదే మా మ్యాప్. దారాన్ని పెద్ద పెద్ద ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనీ ఒక్కో బ్యాక్టీరియాలో పెట్టి పెంచుతాం. బ్యాక్టీరియా పెరిగినంతసేపూ మన ముక్కకి నకళ్లు తీస్తూనే ఉంటుంది. అలా పెట్టిన ముక్కల్ని బ్యాక్‌లంటాం. ఏ బ్యాక్ అంచు ఏ బ్యాక్ అంచుతో కలుస్తుందో చూసుకుంటూ రోడ్డు కట్టుకుంటూ పోతాం."

"ముక్కలు పెద్దగెందుకు? చిన్నగ కోస్తే అల్కగ అయితది గద."

"చిన్న ఫోటోల్లో గోడ ఒక్కటే కనిపిస్తుంది అంకుల్. మేం చూసే చోట, పదహారో క్రోమోజోములో, అన్నీ ఒకేలాంటి గోడలు. ఏ గోడ ఎవరిదో చెప్పలేం. మెషీన్లు కూడా అక్కడే తికమకపడతాయి. పెద్ద ఫోటో అయితే గోడతో పాటు గేటూ చెట్టూ కనిపిస్తాయి."

ఆ చోట మ్యాప్‌లో ఒక ఖాళీ ఉంది. ఇటు ఒడ్డు తెలుసు, అటు ఒడ్డు తెలుసు, మధ్యలో ఏముందో తెలీదు. అక్సా చదువంతా ఆ ఖాళీ మీదే.

పెద్ద ముక్క కావాలంటే దారం తెగకూడదు. తెగడానికి దానికి కారణమే అక్కర్లేదు. ఊపితే తెగుతుంది, సన్న గొట్టంలోంచి పీలిస్తే తెగుతుంది, విసురుగా ఒంపితే తెగుతుంది. అందుకే రక్తంలోని కణాల్ని చైనా గ్రాస్ లాంటి జెల్లీలో పోసి, మెంతి గింజల కంటే కొంచెం పెద్ద ముక్కలుగా గడ్డ కట్టిస్తారు. వాటిని ప్లగ్గులంటారు. కణం గోడలు కరిగించడం, దారాన్ని ఎంజైముతో కోయడం అంతా ఆ జెల్లీ లోపలే జరగాలి. తర్వాత ప్లగ్గుల్ని జెల్ పలకలో పెట్టి కరెంటిస్తే చిన్న ముక్కలు ముందుకు పరిగెడతాయి, పెద్దవి వెనక నిదానంగా నడుస్తాయి. అప్పుడు పెద్దవి ఉన్న చోట బ్లేడుతో పలకను కోసి తీయాలి.

ఆ కోతలోనే ఉంది కిటుకు. నీలి దీపం కింద పెడితే ముక్కలు వెలుగుతాయి గానీ ఆ వెలుగే దారాన్ని పాడుచేస్తుంది. అందుకని పలక రెండు అంచుల్ని మాత్రం కోసి, వాటికి రంగు వేసి, దీపం కింద చూసి గాటు పెడతారు. ఆ గాట్లను చీకట్లో దాచిన నడిమి పలక పక్కన ఆనించి, నడిమిది చూడకుండానే కోయాలి. బ్రహ్మచారి మొదటిసారి కోసినప్పుడే అక్సా ఈల వేసింది. ల్యాబ్‌లో ఈలలు వేయకూడదని మేబెల్ గారు లోపలి గదిలోంచి అరిచింది.

శ్యామలమ్మ ఆయన మారిపోవడం గమనించింది. మిక్సీ జోలికి పోవడం మానేశాడు. పొద్దున్నే చొక్కా ఇస్త్రీ అడుగుతున్నాడు. మల్కాజ్‌గిరి స్టేషన్‌కు నడుస్తూ దారిలో కూరగాయలామెతో పరాచికాలాడుతున్నాడు. ఇంతకు మించి ఆయనకు కావాల్సింది లేదు. ఆ బల్ల ముందు ఆ పీట, చేతిలో బ్లేడు ఉండాలి. అవి పోతే మళ్లీ గోడ గడియారమే దిక్కని ఆయనకు తెలుసు.

అయితే ఒక సంగతి ఆయనకు మొదట్నుంచీ నచ్చలేదు. పెద్ద ముక్కలున్న పట్టీని కోసి, దాన్ని ఇంకోసారి పలకలో పెట్టి కరెంటివ్వాలి. పెద్దవాటి గుంపులో ఇరుక్కుపోయిన చిన్నవి అప్పుడు విడిపోయి ముందుకు జరుగుతాయి. ఆ ముందు పట్టీని కోసి అక్సా చెత్తబుట్టలో వేసేది. బ్రహ్మచారి కళ్లు ఆ బుట్టలోకే పోయేవి. పిల్ల దుబారా అనుకున్నాడు. అదే మనిషి రక్తం, అదే దారం. ఇరవై రెండు క్యారెట్ల తునక పెద్దదైనా ఇరవై రెండే, చిన్నదైనా ఇరవై రెండే. అన్నీ కలిపి కరిగిస్తే ఎవరికి నష్టం?

పని పూర్తిగా తన చేతికొచ్చాక ఆ పట్టీని పారేయడం మానేశాడు. పెద్ద పట్టీతో పాటు అదే ట్యూబులో వేసేవాడు. దాచి చేయలేదు. ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

"అంకుల్, ఈసారి డీఎన్ఏ ఎంత బాగా వచ్చిందో తెలుసా!" అంది అక్సా.

"పొదుపుంటే వస్తది బిడ్డా," అన్నాడు, లోపల్లోపల పొంగిపోతూ.

ఆ ముక్కల్లోంచే ఒక బ్యాక్ దొరికింది. దాని ఒక కొస ఇటు ఒడ్డు మీద కచ్చితంగా ఆనింది. రెండో కొస ఖాళీలోకి చాచుకుని ఉంది. అక్సా గెంతులేసింది. కార్ఖానా బేకరీ నుంచి దిల్‌పసంద్ తెప్పించి అందరికీ కోసింది. అందులో పెద్ద ముక్క బ్రహ్మచారికే. ఆ రెండో కొస పట్టుకుని తర్వాతి బ్యాక్ వెతికారు, దొరికింది. దాని కొస పట్టుకుని ఇంకోటి, అదీ దొరికింది. గోడ మీద అతికించిన కాగితం మీద గీతలు ఒకదాని కింద ఒకటి మెట్లలాగా దిగుతూ పోయాయి. చలికాలం పోయి ఎండలొచ్చాయి. అటు ఒడ్డు మాత్రం ఎంతకీ రాలేదు.

"ఇంత పొడుగు ఉండకూడదు," అంది మేబెల్ గారు కాగితం ముందు నిలబడి. "దీపం పరీక్ష చేశావా అక్సా?"

అక్సా చేయలేదు. మైక్రోస్కోపు బల్బు పోయిందని వాయిదా వేసింది, బల్బొచ్చాక తొందరలో వదిలేసింది. ఆ పరీక్షలో బ్యాక్‌కు వెలిగే రంగు అద్ది, గాజు పలక మీద పరిచిన క్రోమోజోముల మీద పోస్తే అది తన సొంత చోటు వెతుక్కుని అంటుకుంటుంది. అమ్మ నుంచి వచ్చిన పదహారో క్రోమోజోము మీద ఒక చోట, నాన్న నుంచి వచ్చిన పదహారు మీద ఒక చోట చుక్క కనపడాలి. అక్సా ఆ సాయంత్రమే చేయడం మొదలుపెట్టింది. మూడో రోజు మైక్రోస్కోపులో చూసి, లేచి, ముఖం కడుక్కుని వచ్చి మళ్లీ చూసింది.

చుక్కలు పదహారు మీద ఉన్నాయి. రెండో నంబరు క్రోమోజోము జత మీదా ఉన్నాయి. ఒకేలాంటి గోడల పోలిక వల్ల వచ్చే మసక మెరుపు కాదు, గట్టి చుక్కలు.

"ఏమైంది బిడ్డా?"

"ఒకే ఫోటోలో సగం రాంగోపాల్‌పేట్, సగం మల్కాజ్‌గిరి అంకుల్. మధ్యలో రైలు పట్టాలు, బ్రిడ్జి ఏవీ లేవు. రెండు వేరే ముక్కలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఒకే బ్యాక్‌లో దూరాయి. ఆ కొస పట్టుకుని నేను ఇన్నాళ్లూ మల్కాజ్‌గిరిలో తిరుగుతున్నా."

తప్పెక్కడుందో వెతకడానికి మేబెల్ గారు విచారణ పెట్టలేదు, ఎవరి మీదా కోప్పడలేదు. ఒక్కొక్కరి ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది. "మామూలుగా ఎలా చేస్తారో అలాగే చేయండి," అంది. అక్సా ఎంజైము కలుపుతుంటే చూసింది. అందులో తప్పు లేదు. తర్వాత స్టూలు బ్రహ్మచారి బల్ల దగ్గరికి జరిపింది.

ఆయనకు సంతోషంగా ఉంది. చాన్నాళ్లకు ఎదురుగా ఒక మనిషి చేతులు చూస్తూ కూర్చుంది. పాత కొట్టులో లాగా వీపు నిటారుగా పెట్టాడు. గాట్లు ఆనించాడు, కోశాడు, పెద్ద పట్టీని తీసి ట్యూబులో వేశాడు. ముందు పట్టీని బ్లేడు మీద నిలిపి, ఒక్క తునక కింద పడకుండా, అదే ట్యూబులో జారవిడిచాడు.

"అంకుల్!" అని కేక పెట్టింది అక్సా.

బ్రహ్మచారి ఉలిక్కిపడ్డాడు. "ఏమైంది? కింద పడ్డదా?"

"చిన్నవి ఎందుకు వేశారు?"

"అదే రక్తం గద బిడ్డా. పారెయ్యబుద్ధి కాలే."

మేబెల్ గారు కళ్లజోడు తీసి తుడుచుకుంది. కింద దంతవైద్యుడి మెషీన్ గీమని అరుస్తోంది.

"బ్యాక్ ఒక ఆటో అనుకోండి బ్రహ్మచారి గారూ," అంది చివరికి. "లావాటి మనిషి ఎక్కితే ఒక్కడే పడతాడు. సన్నవాళ్లయితే ఇద్దరు ఎక్కేస్తారు. ఒకడు పదహారు నుంచి, ఇంకొకడు రెండు నుంచి. దిగేటప్పుడు మనకి ఇద్దరూ ఒకే ఇంటివాళ్లలా కనిపిస్తారు. చిన్న ముక్కల్ని పారేసేది అందుకే."

బ్రహ్మచారి ట్యూబు వైపు చూశాడు. ఆయనకు అర్థమైంది. కరిగిన బంగారంలో ఏ తునక ఎక్కడిదో అడిగేవాడుండడు. ఇక్కడ ఆ ఒక్క సంగతి కోసమే ఇంతమంది కూర్చున్నారు.

మర్నాటి నుంచి ఆయన సీసాలు కడిగే వైపుకు మారాడు. మేబెల్ గారు మెత్తగానే చెప్పింది. ఆ రక్తంతో చేసిన ప్లగ్గులు ఇంక కొన్నే మిగిలాయని, మళ్లీ పొరపాటయితే అక్సా చదువు అక్కడే ఆగిపోతుందని చెప్పింది.

"ఇప్పుడు తెలిసింది గద మేడం. మళ్ల చెయ్య."

"మీ తలకి తెలిసింది. మీ చేతికి తెలీదు. ఇన్నేళ్ల చెయ్యి అది. మీరు వద్దన్నా దాని పని అది చేసేస్తుంది."

ఆయన బ్లేడు బల్ల మీద పెట్టేశాడు. నిజమని తెలుసు కాబట్టి.

ఇంట్లో చెప్పగానే శ్యామలమ్మ నవ్వింది. నవ్వకూడదని తెలిసి కూడా నవ్వింది.

"నేను కొంగు దులిపితే సుత కింద బట్ట పరిచేటోనివి నువ్వు. ఊడ్చిన చెత్త పారెయ్యనియ్యకపోతివి. గా డాక్టరమ్మకు ఏం ఎరుక, ఎవలిని తోలుకపోయిందో!"

"నవ్వు, నవ్వు. సీసాలు కడుగుతున్న నేను. సీసాలు!"

"సీసాలు కడిగితే చేతులు అరుగుతయా?"

ఆయన అన్నం మధ్యలో లేచి వెనక్కి వెళ్లాడు. నీళ్ల చప్పుడు విని శ్యామలమ్మ బయటికొచ్చింది. బ్రహ్మచారి తొట్టిని రెండు చేతులా ఎత్తి కాలువలోకి ఒంపుతున్నాడు. నల్లటి మడ్డి జారి పోయింది.

ఆవిడ నవ్వు ఆగింది. "పానం బాగుందా నీకు?"

"బాగనే ఉంది. గిది బోర్లించి మంచం కిందికి నూకు. నా కంటికి కనపడద్దు."

ఆ తర్వాత కొన్నాళ్లు కుళాయి దగ్గర ఆయన అవస్థ చూడాలి. చేతులు కడుక్కుంటుంటే నీళ్లు కాలువలోకి పోతుంటాయి, ఎడమ చెయ్యి దానంతటదే తొట్టి కోసం పక్కకు చాచుకుంటుంది. ఖాళీ తగలగానే వెనక్కొస్తుంది. శ్యామలమ్మ తలుపు దగ్గర నిలబడి, "మళ్ల పోయింది, పట్టుకో" అని ఎగతాళి చేసేది. ల్యాబ్‌లోనూ అంతే. సీసా అడుగున మిగిలిన చుక్క పారబోయడం ఆయనకు మొదట్లో పరేషాన్. రాను రాను చేయి ఆలోచించకుండా ఒంపడం మొదలుపెట్టింది. చెయ్యి పక్కకు పోవడం తగ్గిందని మొదట చెప్పింది శ్యామలమ్మే, అదీ ఎగతాళికి ఏమీ దొరకడం లేదన్న విసుగుతో.

ఆ వారం మేబెల్ గారి గది తలుపు కొట్టాడు.

"మేడం, జెర వచ్చి నా ఎదురుంగ కూసోండి."

"ఎందుకు?"

"గిరాకి ఎదురుంగ ఉంటెనే అవుసులోని చెయ్యి అదుపుల ఉంటది. ఒక్క పలక కోస్త. మీకు నచ్చకుంటె సీసాలకాడికే పోత, మళ్ల అడుగ."

ఆవిడ చాలాసేపు ఆయన ముఖం కాదు, చేతులు చూసింది. తర్వాత లేచి స్టూలు తెచ్చుకుంది. అక్సా గోడకానుకుని నిలబడి గోళ్లు కొరుక్కుంటోంది. పలకలో ఉన్నవి ఆమె మిగిల్చుకున్న ప్లగ్గుల్లో సగం.

బ్రహ్మచారి గాట్లు ఆనించాడు. కోశాడు. పెద్ద పట్టీ ట్యూబులో పడింది. ముందు పట్టీని బ్లేడు మీదికి తీసుకున్నాడు. అప్పుడే ఎడమ చెయ్యి ట్యూబును పైకెత్తి బ్లేడు దగ్గరికి తెచ్చింది. అక్సా గోడ దగ్గర్నుంచి ఒక అడుగు ముందుకేసింది. మేబెల్ గారు కదలలేదు.

ఆయన రెండు చేతులనూ అలాగే గాల్లో ఆపాడు. ఎడమ చేతిని ఎవరి చేతినో చూసినట్టు చూశాడు. ట్యూబును మెల్లగా దించి మూత బిగించాడు. బ్లేడును బుట్ట మీదికి జరిపి వంచాడు. సన్నటి పట్టీ జారి, తడి చప్పుడుతో అడుగున పడింది. ఆయన ముఖం ఒక్క క్షణం చేదు మింగినట్టయింది.

"నొప్పి పుట్టిందా?" అంది మేబెల్ గారు.

"పుట్టదా మేడం? అయినా అలవాటైతది."

ఆవిడ స్టూలు తీసుకుని తన గదిలోకి వెళ్లిపోయింది. సీసాల మాట ఎత్తలేదు.

ఈసారి డీఎన్ఏ తక్కువే వచ్చింది. బ్యాక్‌లూ తక్కువే. వాటిలో ఇటు ఒడ్డు మీద ఆనేది దొరకడానికి వానలు పడేదాకా పట్టింది. అక్సా గోడ మీది పాత మెట్లన్నీ చింపేసింది. దొరికినదాని మీద మొదటి రోజే దీపం పరీక్ష మొదలుపెట్టింది. ఫలితం వచ్చాక ముందు తను చూసి, తర్వాత బ్రహ్మచారిని పిలిచి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది.

నల్లటి చీకట్లో నీలి దారపు తునకలు చెల్లాచెదురుగా ఉన్నాయి. ఒకదాని మీద చుక్క. ఇంకొంచెం దూరంలో దాని జత, దాని మీదా చుక్క. ఆ చుక్కలది కొలిమిలో మొదటి మంట రంగు. మిగతావన్నీ ఖాళీ.

"రెండే ఉన్నయి," అన్నాడు కన్ను తీయకుండా.

"రెండే ఉండాలి అంకుల్. రెండూ పదహారే."

"అయితే ఖాళీ నిండినట్టేనా?"

"లేదు. కొంచెం దూరం లోపలికి వెళ్లాం, అంతే. ఇంకా చాలా ఉంది. కానీ వెళ్లినంత దూరం నిజం."

బ్రహ్మచారి ఇంకాసేపు చూశాడు. తర్వాత లేచి, కుళాయి విప్పి చేతులు కడుక్కుని, చొక్కా చేతులు మడుచుకుంటూ తన బల్ల వైపు నడిచాడు.

"మిగిలిన ప్లగ్గులు తియ్యి బిడ్డా," అన్నాడు. "ఇయ్యాల పలకల పెడితే రేపు మళ్ల కోస్త."